‘తర్వాత’ నొక్కనివాళ్ళు

వదినకి మూడోసారి కూడా సున్నా వచ్చింది. తక్కువ మార్కులు కావు, సున్నా. కళ్ళు మూసుకుని వేలు పెట్టుకుంటూ పోయినా మూడో నాలుగో తగలాలి. సున్నా రావాలంటే జవాబులన్నీ తెలిసుండాలి, తెలిసి పనిగట్టుకుని తప్పు పెట్టాలి. ఈ చిన్న లెక్క ఆస్పత్రిలో ఎవరికీ తట్టలేదు. ఆయాలు కదా, సున్నా రాక ఇంకేం వస్తుందనుకున్నారు.

మొదటి సున్నా సంగతి వదిన ఇంట్లో చెప్పలేదు. రెండోదీ మింగేసింది. ఇక నాలుగో అవకాశం లేదని తెలిశాక, ఆ సాయంత్రం ఉల్లిపాయలు తరుగుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"సోమవారం నుంచి నన్ను లాండ్రీకి వేస్తున్నారు. అప్పటిదాకా రానక్కర్లేదన్నారు."

అన్నయ్యకి టైర్ల షాపు. అప్పుడే వచ్చి, చేతులకి అంటిన నలుపు వదలక సబ్బుతో కుస్తీ పడుతున్నాడు. "లాండ్రీ ఏమిటి? నువ్వు వార్డు మనిషివి కదా?" అన్నాడు.

"పరీక్ష పోయింది."

"ఈ వయసులో నీకు పరీక్షేమిటే?"

వదిన అప్పుడు తలెత్తి ఆడపడుచు వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. సిగ్గు ఉంది. "మన చిన్నదాని పరీక్షే," అంది.

చిన్నది అంటే అన్నయ్య చెల్లెలు. ముప్ఫై దాటినా ఇంట్లో చిన్నదే. ఆమె పనిచేసే కంపెనీ ఆన్‌లైన్ కోర్సులు తయారుచేస్తుంది. పాఠం ఎలా కనపడాలి, ప్రశ్న ఎక్కడ రావాలి, బటన్ ఏ రంగులో ఉండాలి, వేలు ఎక్కడ పడాలి అని గీసి పెట్టేది ఈమే. ఆస్పత్రివాళ్ళు కొనుక్కున్న శుభ్రత కోర్సు ఈమె చేతి మీదుగా వెళ్ళిందే. వార్డుల్లో పనిచేసే ఆయాలందరూ ఫోనులో పాఠాలు చూసి, పరీక్ష రాసి, పాసవ్వాలి. పాసవ్వనివాళ్ళ కార్డుకి వార్డు తలుపు తెరుచుకోదు.

వదిన వార్డు నెలలు నిండని పిల్లల వార్డు. ఆ గదిలోకి ఆమె ముందు తల్లిగా వెళ్ళింది, ఆ తర్వాత ఆయాగా. చాలా ఏళ్ళ కిందటి మాట. నెలలు నిండకుండా ఆడపిల్ల పుట్టింది. గాజుపెట్టెలో పెట్టారు. పేరు పెట్టే లోపే పోయింది. ఆ పిల్ల బతికినదంతా ఆ ఒక్క గదిలోనే. ఊయల ఎరగదు, వీధి ఎరగదు, చూసిన ఎండ కూడా కిటికీ అద్దంలోంచి వచ్చిందే. ఇంటికి తేనే లేదు కాబట్టి ఇంట్లో పిల్ల గుర్తు ఏదీ లేదు. ఒక చొక్కా లేదు, ఒక గిలక్కాయ లేదు. ఉన్నదల్లా ఆ గది. కొన్నాళ్ళకి వదిన వెళ్ళి, అక్కడే ఆయా పని కావాలని అడిగింది. పిచ్చెక్కుతుందే అన్నాడు అన్నయ్య. ఎక్కలేదు. రోజూ వెళ్ళి నేల తుడిచి, పెట్టెలు తుడిచి, మామూలు మనిషిలా తిరిగొచ్చేది. ఆమెకి పిచ్చి ఎక్కకుండా ఉండడానికి కారణం ఆ గదే అని ఇంట్లో అందరికీ అర్థమైంది. ఎవరూ పైకి అనలేదు.

ఇప్పుడు ఆ గది పోతోంది.

"ముందే చెప్పొచ్చుగా వదినా! నేను చచ్చానా?" అంది చిన్నది.

"ఏమని చెప్పేదే? నువ్వు చేసిన పుస్తకంలో నాకు సున్నా వచ్చిందనా? నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను, మా ఆడపడుచు చేసిందే ఇది అని. మొదటి సున్నా రాగానే నోరు పడిపోయింది."

"చదివావా అసలు?"

"చదవడమేమిటి, బట్టీ పట్టాను. చెయ్యి కడుక్కోవడం దగ్గర్నుంచి చెత్తబుట్ట రంగు దాకా. బస్సులో కూడా చూసుకున్నాను. పక్కనున్నావిడ సినిమా అనుకుని తొంగిచూసింది." వదిన కళ్ళు తుడుచుకుంది. "ఉల్లిపాయలు," అంది, ఎవరూ అడగకపోయినా.

చిన్నది ఆఫీసు లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టింది. అసలు పరీక్షకి తాళం పడినా, తయారుచేసినవాళ్ళ దగ్గర ఒక నకలు ఉంటుంది. "కూర్చో. నా ఎదురుగా రాయి," అంది.

"ఇప్పుడెందుకే?"

"కూర్చోమన్నానా!"

"ఆడపడుచు అనిపించావు," అంటూ వదిన చెయ్యి తుడుచుకుని కూర్చుంది.

మొదటి ప్రశ్న. సరిగ్గా పెట్టింది. వేలు తగలగానే ఆ తెర పక్కకి జరిగి రెండో ప్రశ్న వచ్చింది. అదీ సరైనదే. అలా జరుగుతూ జరుగుతూ పోయాయి. ప్రతి ప్రశ్నకీ బటన్ నొక్కనవసరం లేకుండా తెర తనంతట తానే జరిగేట్టు చేసింది చిన్నదే. నొక్కుళ్ళు తగ్గితే మనిషికి హాయి అని ఆమె వాదన. ఆ ఆలోచనకి ఆఫీసులో చప్పట్లు కూడా కొట్టారు.

ఆఖరి ప్రశ్న కూడా సరైనదే. వదిన ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు.

చివరి తెర వచ్చింది. తెల్లగా ఉంది. కింద రెండు బటన్లు. కుడిపక్క నీలం రంగులో ‘తర్వాత’. ఎడమపక్క బూడిద రంగులో ‘ముగించు’.

వదిన రెండూ కూడబలుక్కుని చదివింది. ఆలోచించింది. శ్రద్ధగా, ఆఫీసరు ముందు సంతకం పెట్టే మనిషిలా, ‘ముగించు’ నొక్కింది.

మీ స్కోరు: సున్నా.

"చూశావా?" అంది వదిన. "నాకు బుర్ర లేదులే. వదిలెయ్."

చిన్నది తెర వైపు వేలు చూపించింది. "వదినా, ముగించు ఎందుకు నొక్కావు?"

"మరి రాయడం అయిపోయిందిగా. ముగించక?"

"తర్వాత అని పక్కనే ఉందిగా!"

"ఆ! తర్వాత ఎందుకూ? నాకు ఇప్పుడు తీరికే. తర్వాతకి పెట్టే అలవాటు నాకు లేదని నీకు తెలుసుగా. అలాంటివన్నీ మా రేపమ్మకి."

రేపమ్మ అంటే అదే వార్డులో ఇంకో ఆయా. ఏ పని చెప్పినా ‘రేపు చూద్దాంలే అక్కా’ అంటుంది కాబట్టి ఆ పేరు పడింది. పని దొంగే గాని మంచి మనసు. "దానికి పాసు ఎలా వచ్చిందో తెలుసా?" అంది వదిన. "సగం ప్రశ్నలయ్యేసరికి ఆవులింతలు. చివరికొచ్చాక ‘అబ్బ, తర్వాత అని ఉంది అక్కా, తర్వాత చూసుకుందాంలే’ అని నొక్కి పక్కన పడేసింది. అంతే. అభినందనలు అని పువ్వులు రాలాయి ఫోనులో. అది బిత్తరపోయింది. ‘ఏమీ చెయ్యకపోయినా పాసు చేస్తున్నారక్కా, మంచి కంపెనీ’ అంది."

అన్నయ్య పకపకా నవ్వాడు. వదినా నవ్వింది. చిన్నది నవ్వలేదు. ఆమె ముఖం చూసి వాళ్ళ నవ్వు ఆగిపోయింది.

విషయం ఇది. కోర్సు మొదట ఇంగ్లీషులో తయారైంది. అక్కడ ఆ నీలం బటన్ మీద ‘నెక్స్ట్’ అని ఉంది, అంటే ముందుకు వెళ్ళు, జవాబులు చేరవెయ్ అని. ఇంకోదాని మీద ‘ఎగ్జిట్’ అని ఉంది, అంటే జవాబులేవీ చేరవెయ్యకుండా బయటికి పో అని. అనువాదం చేసే కంపెనీవాడు తెర చూడలేదు. వాడికిచ్చింది మాటల వరస. నెక్స్ట్‌కి తర్వాత అని రాశాడు, ఎగ్జిట్‌కి ముగించు అని రాశాడు, బిల్లు పెట్టుకున్నాడు. చిన్నది చూసింది. చూసి సరేనంది. ఎందుకంటే ఆమె ఆ మాటని చదవలేదు. దాని వెనకున్న ఇంగ్లీషు మాటని చదివింది.

మన మనుషులు ‘తర్వాత’ అంటే ఏమిటర్థం? ఇప్పుడు కాదు అని. పుట్టి బుద్ధెరిగిన ఎవరినడిగినా చెబుతారు. పని అయిపోతే ఏం చేస్తారు? ముగిస్తారు. ఆలస్యం చేసేవాళ్ళని పాసు చేసి, పని పూర్తిచేసేవాళ్ళ జవాబులు చెరిపేసే యంత్రాన్ని తయారుచేసి, దానికి చదువు అని పేరు పెట్టారు.

చిన్నది అదంతా విడమరిచి చెప్పింది. వదిన విని, విని, చివరికి ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"అంటే... నాకు అన్నీ వచ్చినట్టేనా?"

"అన్నీ వదినా. మూడుసార్లూ అన్నీ రాసుంటావు."

వదిన ముఖం విప్పారిన తీరు చిన్నది ఇక మరిచిపోలేదు. "చూశారా ఏమండీ," అంది మొగుడితో, "నాకు అన్నీ వచ్చాయట!" ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరూ ఏమీ అనకుండా తిన్నారు.

మర్నాడు చిన్నది ఆఫీసుకి ముందుగా వెళ్ళి, పరీక్ష రాసినవాళ్ళ వేళ్ళు తెర మీద ఎక్కడెక్కడ పడ్డాయో చూపించే రికార్డింగులు తీసింది. పేర్లు ఉండవు, ఎర్రచుక్క మాత్రం కదులుతుంటుంది. ఒకటి చూసింది. అన్నీ సరైనవే, చివర ముగించు. ఇంకోటి చూసింది. అదే. ఒక ఎర్రచుక్క చివరి తెర మీద చాలాసేపు ఆగింది. ‘తర్వాత’ దగ్గరికి వెళ్ళింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది, వచ్చింది. ఆఖరికి ‘ముగించు’ మీద వాలింది. అవతల ఎవరో ఒక మనిషి తన ఉద్యోగాన్ని చూపుడువేలు కింద పెట్టుకుని ఆలోచించింది. మూడోవంతు మందికి సున్నాలు. సున్నా తప్ప వేరే తక్కువ మార్కు వచ్చినవాళ్ళు పట్టుమని పదిమంది లేరు.

మేనేజరుని ఆఫీసులో డెమో అంటారు. ఎవరు కనపడినా లాప్‌టాప్ తెరిచి చూపించడం మొదలుపెడతాడు. లిఫ్టులో కూడా చూపిస్తాడు. చిన్నది మీటింగు గదిలో అందరి ముందూ ఆ రికార్డింగులు పెట్టింది.

"చూడమ్మా," అన్నాడు డెమో, "అందరూ పాసైతే దాన్ని పరీక్ష అనరు."

"వాళ్ళు తప్పలేదు సార్. అన్నీ సరిగ్గా పెట్టారు. మనం చెరిపేశాం."

"మనం అనకు. ఎగ్జిట్ కొట్టింది వాళ్ళు."

"ఎగ్జిట్ అని మీరు చదువుతున్నారు. అక్కడ ముగించు అని ఉంది."

"రెండూ ఒకటేగా?"

"ఇంగ్లీషు ముందు చదివి తెలుగు తర్వాత చదివేవాళ్ళకి ఒకటే. వాళ్ళు తెలుగే చదివారు. తర్వాత అంటే ఏమిటి సార్? మేం జీతం పెంచమని అడిగితే మీరేమంటారు? అదే."

వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. డెమో నవ్వలేదు. "మరి మన టెస్టింగులో ఒక్కరూ తప్పలేదే?"

"టెస్టింగు ఎవరి మీద చేశాం? ఈ గదిలోవాళ్ళ మీద. మనం మాట చదవం సార్, నీలం రంగు చూసి నొక్కేస్తాం. చదవనివాళ్ళు పాసయ్యారు. చదివినవాళ్ళే పోయారు. ఒక్క ఆయాని తెచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టి ఉంటే తెలిసేది. బయటికెళ్ళేముందు ‘మీ జవాబులు పోతాయి, నిజంగా వెళ్ళాలా’ అని అడిగే మాట కూడా మొదట్లో ఉండేది. అడ్డంగా ఉందని తీయించింది మీరు."

డెమో లాప్‌టాప్ మూశాడు. అతను లాప్‌టాప్ మూయడం వాళ్ళు చూడడం అదే మొదలు. "నువ్వొకసారి లోపలికి రా," అన్నాడు.

లోపల తలుపు వేశాక గొంతు మెత్తబడింది. "మీ వదిన కూడా అందులో ఉందటగా?"

"ఉంది."

"ముందే చెప్పొద్దూ! ఆవిడ నంబరివ్వు. సాంకేతిక లోపం అని రాసి ఆ ఒక్కటీ పాసు చేయిస్తా. ఒకరికంటే లోపం అంటారమ్మా. ఇంతమందికంటే తప్పు అంటారు. తప్పంటే కాంట్రాక్టు పోతుంది, నువ్వూ పోతావు, నేనూ పోతాను. ఫలితాల ఆఖరి జాబితా ఇవాళ సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళాలి. ఇప్పుడు చెప్పు."

చిన్నదాని ఒళ్ళు మండిపోయింది. ఆ ఎర్రచుక్క, ఆ వెళ్ళడం, ఆ రావడం కళ్ళ ముందు తిరిగాయి. లేచి నిలబడింది. గాజుగోడ అవతల అందరూ చూస్తున్నారని తెలుసు. గొంతు పెంచే చెప్పింది.

"మారిస్తే అందరివీ మార్చండి. లేదంటే ఒక్కటీ వద్దు. మా వదిన దొడ్డిదారిన పాసయ్యే మనిషి కాదు!"

తలుపు దడాలున తీసుకుని బయటికి వచ్చింది. సీట్లో కూర్చోగానే పక్కసీటు అమ్మాయి బల్లకింద చెయ్యి నొక్కింది. సాయంత్రం ఇంటిదారి పొడుగునా చిన్నది నేల మీద నడవలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో వంచిన తల ఆ పూట ఎత్తింది. ఇంటికెళ్ళి వదినకి చెప్పాలి, వదిన వీపు తట్టాలి.

వదిన స్నానం చేసి, తడిజుట్టుతో వాకిట్లో కూర్చుని ఉంది. ఎదురుచూస్తోందని చూడగానే తెలిసింది. "ఏమైందే?" అంది.

చిన్నది చెప్పింది. మీటింగులో ఏమంది, డెమో ఏమన్నాడు, వెనక ఎవరు నవ్వారు, అంతా. వదిన మధ్యలో ఆపింది.

"నా ఒక్కదానిదీ మారుస్తానన్నాడా?"

"అన్నాడు. ఎంత ధైర్యం చూడు! నీ నంబరిస్తే సరిపోతుందట."

"ఇచ్చావా?"

"నేనెందుకిస్తాను! ముఖం వాచేట్టు చెప్పాను, మా వదిన దొడ్డిదారిన పోయే మనిషి కాదని."

వదిన తడిజుట్టు కొస నుంచి నీళ్ళు జాకెట్టు మీద పడుతున్నాయి. తుడుచుకోలేదు.

"నేనెలాంటి మనిషినో నీకెవరు చెప్పారే?" అంది.

"వదినా..."

"దొడ్డిదారో ముందుదారో. నాకా గదిలోకి దారి కావాలి. అంతే కావాలి. నువ్వు ఎరగవా? ఆ రోజు నాతో ఆస్పత్రికి టిఫిన్ క్యారియరు మోసుకొచ్చినదానివి, నువ్వెరగవా?"

"మిగతావాళ్ళ సంగతి?"

"పాపం వాళ్ళూ నాలాంటివాళ్ళే. పోరాడు. వద్దన్నానా? నేనూ వస్తాను, ముందు నిలబడి అరుస్తాను. కానీ నన్ను లోపల ఉంచి పోరాడొచ్చుగా!" ఆమె గొంతు పెరగలేదు. అదే భయమేసింది చిన్నదానికి. "ఒక్క ఫోను చెయ్యడానికేమే? వదినా, ఇలా అంటున్నాడు, ఏమనమంటావు అని. ఆ బటన్ మీద మాట రాసేటప్పుడూ మమ్మల్ని అడగలేదు. ఇవాళా అడగలేదు."

"నీకు పరువు తక్కువవుతుందనుకున్నాను."

"నా పరువు! రోజూ ఉచ్చగుడ్డలు ఎత్తేదాన్ని. నాకు పరువెందుకు? నాకు నా పిల్ల ఉన్న చోటు కావాలి."

అన్ని ఏళ్ళలో ‘నా పిల్ల’ అని వదిన నోట ఆ ఇంట్లో వినపడడం అదే మొదటిసారి. లోపల అన్నయ్య రేడియో ఆపేశాడు. బయటికి మాత్రం రాలేదు. పిల్ల పోయినప్పటి నుంచి అతను ఆ ఆస్పత్రి వీధి గుండా కూడా వెళ్ళడు. చుట్టూ తిరిగి వెళతాడు.

చిన్నది అక్కడే నిలబడి డెమోకి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. నంబరు మెసేజి పెట్టింది. వదిన పేరు, కార్డు నంబరు, ‘దయచేసి’ అన్న మాట.

తెల్లవారి ఆఫీసులో డెమో కుర్చీలో వెనక్కి వాలి చూశాడు. "నిన్న ధర్మపన్నాలు వల్లించావు. అందరూ విన్నారు. ఫలితాలు వెళ్ళిపోయాయమ్మా. ఇప్పుడు ఒక్కటి కదిపినా, ఎందుకు కదిపారని మొత్తం తవ్వుతారు."

"తవ్వనివ్వండి."

"నువ్వు తవ్వు. అప్పుడు నీ వదినకి పాసు రాదు, నీకు జీతం రాదు." కాస్త ఆగి, మంచివాడిలా అన్నాడు. "ఆ మాట మాత్రం మార్చేద్దాంలే. నువ్వు చెప్పింది నిజమే. ఏమని రాయమంటావు?"

చిన్నది చెప్పింది. "జవాబులు పంపండి."

"బాగుంది," అన్నాడు డెమో. పక్కసీటు అమ్మాయి టైపు చేసింది. టీ చల్లారేలోపు మారిపోయింది. కొత్తగా రాసేవాళ్ళెవరికీ ఇక ఆ కష్టం ఉండదు.

చిన్నది అక్కడి నుంచి నేరుగా ఆస్పత్రికి వెళ్ళింది. పిల్లల వార్డుకి పెద్ద సిస్టరు ఉంటుంది, ఆ గదికంతటికీ ఆవిడే అధికారి. రికార్డింగు చూపించింది, తప్పు తమదేనని చెప్పింది, రాసి సంతకం పెట్టి ఇస్తానంది. ఉద్యోగం పోతే పోయిందనుకునే అంది. పెద్ద సిస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నేను నమ్ముతానమ్మా. నువ్వు చెప్పకపోయినా నమ్ముతాను. ఆ గదిలో ఏ మూల దగ్గర ఆవిడ చెయ్యి ఆగుతుందో నాకు తెలీదా? అడిగానా ఎప్పుడన్నా?"

"అయితే ఉంచండి సిస్టర్."

"తలుపు నా మాట వినదు. కార్డు చూపిస్తే పచ్చలైటు వెలగాలి. పాసు లేని కార్డుకి ఎర్రలైటే. పైవాళ్ళకి నీ కాగితం పంపుతాను, కమిటీ కూర్చుంటుంది, కోర్సు మళ్ళీ వచ్చే ఏడాది పెడతారు. అప్పటికి ఇక్కడ ఖాళీ ఉండాలి. ఈలోపు పాసైనవాళ్ళలోంచి ఒకళ్ళని వేసేశారు."

రేపమ్మ గాజుతలుపు అవతల పెట్టెలు తుడుస్తోంది. చిన్నదాన్ని చూసి బయటికొచ్చింది. ఎప్పుడూ వాగే మనిషి, మాట వెతుక్కుంది. "అక్కకి చెప్పమ్మా," అంది. "ఆ కిటికీ పక్కది నేను రేపటికి పెట్టట్లేదని చెప్పు. పొద్దున్నే తుడుస్తున్నానని చెప్పు."

చిన్నది ఆ మాట ఇంట్లో చెప్పలేకపోయింది. రెండుసార్లు నోటిదాకా వచ్చింది. వదిన అన్నం వడ్డిస్తోంది, మజ్జిగ పోస్తోంది, ‘ఇంకాస్త పెట్టనా’ అని అడుగుతోంది. అన్నీ మామూలుగానే చేస్తోంది. వేళాకోళం మాత్రం పోయింది. ఆడపడుచు అని ఎత్తిపొడవడం లేదు. దెప్పినా బాగుండును, తిట్టినా బాగుండును. చిన్నది కావాలని కంచం కడక్కుండా లేచింది, ఒక మాట అంటుందేమోనని. వదిన ఆ కంచం తీసి కడిగి బోర్లించింది.

సోమవారం పొద్దున వదిన గేటు దాటుతుంటే చిన్నది చెప్పులేసుకుని వెంట నడిచింది. రావద్దని వదిన అనలేదు. రమ్మని కూడా అనలేదు. బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు.

లాండ్రీ ఆస్పత్రికి వెనక ఉంది. అక్కడికి వెళ్ళాలంటే పిల్లల వార్డు ముందున్న వరండాలోంచే దారి. వార్డు యూనిఫాం శనివారమే వెనక్కి తీసేసుకున్నారు, లాండ్రీవాళ్ళది ఇంకా ఇవ్వలేదు. వదిన ఇంటిచీర మీదే ఉంది. నడుస్తూ నడుస్తూ గాజుగోడ దగ్గరకొచ్చేసరికి ఆమె కాళ్ళు వాటంతట అవే ఆగాయి. పొద్దుటి ఎండ కిటికీలోంచి ఆ మూల మీద పడుతోంది. ఆ మూల పెట్టెలో ఎవరి బిడ్డో పిడికిలంత ఉంది, గుడ్డలోంచి ఒక పాదం బయటికి పెట్టింది. వదిన గాజుకి దగ్గరగా వెళ్ళింది. చెయ్యి ఎత్తింది, ముట్టుకుంటే మరక పడుతుందని కాబోలు దించేసింది.

తలుపు దగ్గర కుర్చీలో కొత్త వాచ్‌మన్ ఉన్నాడు. మర్యాదస్థుడిలా ఉన్నాడు. లేచి దగ్గరికొచ్చాడు.

"ఎవరి తాలూకమ్మా?"

వదిన వినలేదు.

"మిమ్మల్నేనమ్మా. లోపల మీ తాలూకు ఎవరున్నారు?"

చిన్నది ముందుకొచ్చింది. ఏదో చెప్పబోయింది. వదిన చెయ్యి అడ్డం పెట్టింది, ఈసారి జవాబు తనే చెబుతానన్నట్టు. పెదవులు కదిలాయి. ఒకసారి కిటికీ వైపు చూసింది, ఒకసారి వాచ్‌మన్ వైపు.

"ఎవరూ లేరు బాబూ," అంది.

"అయితే కాస్త జరగండమ్మా. వచ్చేపోయేవాళ్ళకి అడ్డం."

వదిన పక్కకి జరిగింది.